సొంత సినిమా రివ్యూ సైట్ ఇప్పుడు పెట్టొచ్చా? నల్లగొండ నుంచి నా జవాబు

వనపర్తి నుంచి ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "అన్నా, డిగ్రీ అయిపోయింది. సినిమాలంటే ప్రాణం. తెలుగులో రివ్యూలు రాయడానికి సొంత వెబ్‌సైట్ పెట్టాలని ఉంది. ఇప్పుడు చదివేవాళ్లు ఎవరున్నారు, యూట్యూబ్ ఛానెల్ పెట్టుకో అంటున్నారు అందరూ. ఏఐ వచ్చాక గూగుల్ నుంచి జనం రావడం కూడా తగ్గిందట. పెట్టాలా వద్దా? పెడితే పదేళ్లు నిలబడాలంటే ఏం చేయాలి?"

పెట్టు తమ్ముడూ. 2006 నుంచి నేను నల్లగొండలో కూర్చుని ఈ పనే చేస్తున్నా. వెయ్యికి పైగా రివ్యూలు రాశా. ఇన్నేళ్లలో నా సైట్ నాలుగుసార్లు సర్వర్ మారింది, ఒకసారి పేరే పోగొట్టుకుంది. అయినా 2006లో రాసిన మొదటి రివ్యూ ఇవాళ్టికీ తెరుచుకుంటుంది. అది ఎట్లా నిలిచిందో చెబితే నీ ప్రశ్నకు సగం జవాబు వచ్చినట్టే. రాసింది నీ దగ్గర ఉండాలి, సైట్ అడ్రసు నీ పేరు మీద ఉండాలి. ఈ రెండూ సొంతమైతే మిగతావి ఎన్నిసార్లు మారినా తట్టుకోవచ్చు.

నేను మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు అక్షరం తెర మీద కనపడటమే పెద్ద పని. పేపర్ల వెబ్‌సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంట్ ఉండేది. అది మన కంప్యూటర్లో లేకపోతే పిచ్చి గీతలు కనపడేవి. అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ పద్ధతిలో రాస్తే ఆ గొడవ లేదని తెలిసి, లేఖిని అనే వెబ్ పేజీలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుని, కాపీ చేసి గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో పెట్టేవాణ్ణి. మొదటి రివ్యూ పెట్టి, గడియారం సెంటర్ దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్లో ఒక దోస్తుకు చూపిద్దామని తీసుకుపోయా. పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. పది పేరాల రివ్యూ, పది వరసల ఖాళీ డబ్బాలు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ ఉంటుంది కానీ, కంట్రోల్ ప్యానెల్లోకి పోయి కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే గడిలో టిక్ పెడితే తప్ప తెలుగు సరిగ్గా రాదు. టిక్ పెట్టగానే అది విండోస్ సీడీ అడుగుతుంది. ఆ సెంటర్ నడిపే అబ్బాయి బీరువా అంతా వెతికి, గీతలు పడ్డ సీడీ ఒకటి తెచ్చి, తుడిచి తుడిచి పెట్టాడు. రీస్టార్ట్ అయ్యాక డబ్బాల స్థానంలో అక్షరాలు వచ్చాయి. ఆ అబ్బాయి నిలబడి రివ్యూ మొత్తం చదివాడు. నా మొదటి పాఠకుడు అతనే. తర్వాత రెండు మూడు నెలల్లో ఊళ్లో ఐదారు సెంటర్లకు పోయి, అడిగి, ఆ టిక్ పెట్టించా.

ఇప్పుడు ఏ ఫోన్ తీసినా తెలుగు దానంతట అదే వస్తుంది. నీకు ఆ కష్టం లేదు. కానీ అప్పుడు నేను ఇంకేదైనా ఫాంట్ పద్ధతిలో రాసి ఉంటే ఈరోజు అవి చదవడానికి పనికొచ్చేవి కావు. ఇప్పటికీ నాది ఇదే పద్ధతి: ముందు మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటా, తర్వాతే సైట్‌లో పెడతా. ఫైల్ పేరులో తేదీ, సినిమా పేరు ఉంటాయి. నువ్వు కూడా మొదటి రోజు నుంచే అట్లా చెయ్యి.

పాఠకులు వచ్చే దారులు కూడా మారుతూ ఉంటాయి. మొదట్లో కూడలి, జల్లెడ లాంటి వెబ్‌సైట్లలో తెలుగు బ్లాగుల కొత్త టపాల జాబితా చూసి వచ్చేవాళ్లు. తర్వాత గూగుల్ రీడర్ అనే సేవలో, నచ్చిన సైట్ల కొత్త టపాలు ఒకేచోటికి వచ్చేట్టు ఫీడ్ పెట్టుకుని చదివేవాళ్లు. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. అంతకు ముందు వారం వరకు రోజూ వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ కనపడలేదు. తర్వాత ఫేస్‌బుక్ పేజీ నుంచి వచ్చారు. కొన్నాళ్లకు ఆ పేజీలో లింకు పెడితే ఎవరికీ చేరని పరిస్థితి వచ్చింది. ఇప్పుడు వాట్సాప్ నుంచి వస్తున్నారు. రేపు ఇంకోటి వస్తుంది. ఏ దారి మూసుకుపోయినా నాతో ఉన్నవాళ్లు ఎవరంటే, నేరుగా సైట్ పేరు కొట్టి వచ్చేవాళ్లు, ఈమెయిల్ ఇచ్చినవాళ్లు. అందుకే మొదటి నెల నుంచే ఈమెయిల్ తీసుకో. ఆ జాబితాను కూడా నీ కంప్యూటర్లో ఒక కాపీ దాచుకో. కొత్త టపాలను పాఠకులకు ఈమెయిల్లో పంపే గూగుల్ సేవ ఫీడ్‌బర్నర్ 2021లో ఆ ఈమెయిళ్లు పంపడం ఆపేసినప్పుడు, జాబితా దించుకుని పెట్టుకున్నాను కాబట్టి నేను వేరే చోటికి మార్చుకోగలిగా.

ఈమెయిల్ మాట వచ్చింది కాబట్టి నాకు జరిగిన పెద్ద నష్టం గురించి చెబుతా. ఇది నీకు జరగకూడదు.

2012లో సైట్‌ని ఒక హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే అద్దె సర్వర్) నుంచి ఇంకో హోస్టింగ్‌కు మార్చా. అప్పటికే బ్లాగర్ నుంచి, సొంత సర్వర్‌లో సైట్ నడిపించే వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వచ్చేశా. పాత సర్వర్‌లో రివ్యూలన్నీ దాచే డేటాబేస్ మీద లాటిన్-1 అని, అంటే ఇంగ్లీషు లాంటి యూరప్ భాషల అక్షరాల పద్ధతి అని రాసి ఉంది, లోపల ఉన్నది మాత్రం యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ పద్ధతిలో ఉన్న తెలుగు. ఎగుమతి చేసేటప్పుడు అది తెలుగును ఇంగ్లీషు గుర్తులనుకుని మళ్లీ ఒకసారి మార్చింది. కొత్త చోట తెరిచి చూస్తే ప్రతి తెలుగు అక్షరానికీ బదులు, నెత్తి మీద గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇట్లా పేజీలకు పేజీలు. గుండె జారిపోయింది. పాత హోస్టింగ్ గడువు అప్పటికే అయిపోయింది, అక్కడ ఏమీ మిగల్లేదు. వారం రోజులు రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నదేమిటంటే, అట్లా పాడైనదాన్ని వెనక్కి తిప్పొచ్చు. డేటాబేస్‌లో రివ్యూలున్న కాలమ్‌ని ముందు లాటిన్-1గా, తర్వాత బైనరీగా (ఏ భాషా అనుకోని ఉత్త అంకెలుగా) మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్-8గా మారిస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. చాలావరకు వచ్చాయి. కానీ చివర్లో రాసిన అరవై దాకా రివ్యూల్లో అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడి ఉన్నాయి. ప్రశ్నార్థకంగా మారిందంటే అసలు అక్షరం పోయినట్టే. దాన్ని ఏ విద్యతోనూ వెనక్కి తేలేం.

కొన్ని, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో దొరికాయి. మిగతావి పోయాయనే అనుకున్నా. సైట్‌లో జరిగింది రాస్తే, మిర్యాలగూడ నుంచి ఒక టీచర్ సార్ మెయిల్ పెట్టారు. ఆయన ఈమెయిల్ ద్వారా రివ్యూలు తెప్పించుకునేవారట. ఒక్కటీ డిలీట్ చేయలేదట. "మీవి నా దగ్గర ఉన్నాయి, పంపనా?" అని అడిగారు. ముప్పైకి పైగా రివ్యూలు ఒక్కోటిగా ఫార్వర్డ్ చేశారు. ఆయన్ని ఆ తర్వాత నేరుగా పోయి కలిశా.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున డేటాబేస్, బొమ్మల ఫోల్డర్ రెండూ దించుకుంటా. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి మా తమ్ముడి ఇంట్లో. దించుకుంటే సరిపోదు, అప్పుడప్పుడు ఆ బ్యాకప్‌ని కంప్యూటర్లో ఎక్కించి ఒక పాత రివ్యూ తెరిచి చదవాలి. బ్యాకప్ ఉందనుకుని, తీరా అవసరం పడ్డప్పుడు తెరవని ఫైల్ చేతిలో పట్టుకున్నవాళ్లను చూశా. నీ డేటాబేస్ యూటీఎఫ్-8ఎంబీ4లో ఉందో లేదో మొదటి రోజే చూసుకో. అదైతే తెలుగుకూ సరిపోతుంది, ఎమోజీలకూ సరిపోతుంది.

పేరు పోగొట్టుకున్న సంగతి చిన్నదే కానీ చెప్పాలి. నా మొదటి డొమైన్‌ను, అంటే సైట్ పేరును, తెలిసినతను ఒకాయన కొనిపెట్టాడు. తన ఈమెయిల్‌తో, తన పేరు మీద కొన్నాడు. ఆయన ఊరు మారాడు, ఆ ఈమెయిల్ చూడటం మానేశాడు, గడువు దాటింది. నాకు తెలిసేసరికి వేరే ఎవరో కొనేసి, దాని మీద ఏవో ప్రకటనలు పెట్టుకున్నారు. డాట్ కామ్ పేరు గడువు దాటగానే పోదు. కొన్నాళ్లు మామూలు ధరకే తీసుకోనిస్తారు, ఆ తర్వాత ఒక నెల పాటు ఎక్కువ పైసలు కడితే ఇస్తారు. కానీ ఆ హెచ్చరికలన్నీ ఎవరి ఈమెయిల్ ఉంటే వాళ్లకే పోతాయి. కాబట్టి నీ పేరు, నీ ఈమెయిల్, నీ ఫోన్ నంబర్ పెట్టి నువ్వే కొను. కుదిరితే ఒకేసారి ఐదేళ్లకు కట్టెయ్. హోస్టింగ్ ఒక చోట, డొమైన్ ఇంకో చోట ఉంచు. ఒకదానితో పేచీ వచ్చినా రెండోది నీ చేతిలో ఉంటుంది.

ఇక పేజీ అడ్రసు సంగతి. తెలుగులో టైటిల్ పెడితే వర్డ్‌ప్రెస్ అడ్రసు కూడా తెలుగులోనే చేస్తుంది. చూడటానికి బాగుంటుంది. కానీ లోపల ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు తొమ్మిది గుర్తుల పొడవు అవుతుంది. వర్డ్‌ప్రెస్ రెండు వందల దగ్గర కత్తిరిస్తుంది. అంటే ఇరవై రెండు అక్షరాలు దాటితే అడ్రసు మధ్యలో తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే నాలుగు వరసల పర్సెంట్ గుర్తులు కనిపిస్తాయి. అదేదో వైరస్ లింకు అనుకుని జనం నొక్కరు. అందుకే టైటిల్ తెలుగులో, అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో సినిమా పేరు, సంవత్సరం. సంవత్సరం ఎందుకంటే ఒకే పేరుతో మళ్లీ సినిమా వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఒకసారి పెట్టిన అడ్రసును మార్చకు. మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి 301 మళ్లింపు పెట్టు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక మన జిల్లాలో సంగతే మారింది. అంతకు ముందు నా పాఠకుల్లో ఎక్కువమంది హైదరాబాద్ ఆఫీసుల్లో, అమెరికాలో ఉన్నవాళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి దేవరకొండ, నకిరేకల్, హాలియా నుంచి కామెంట్లు రావడం మొదలైంది. అందరూ ఫోన్‌లోనే చదివేవాళ్లు. నా సైట్ అప్పటికి పెద్ద కంప్యూటర్ తెరకు కట్టినది. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుకుని, పక్కకు జరుపుకుంటూ చదవాల్సి వచ్చేది. ఆ దసరా సెలవుల్లో మొత్తం మార్చా. పక్కన ఉన్న డబ్బాలు, కదిలే అక్షరాలు, కౌంటర్లు అన్నీ తీసేశా. ఒకే వరస, పెద్ద అక్షరం, వరసల మధ్య బాగా ఖాళీ. తెలుగుకు ఆ ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. ఫాంట్ కావాలంటే మండలి బాగుంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అసలు ఏ ఫాంటూ పెట్టకుండా ఫోన్‌లో ఉన్నదానికే వదిలేసినా తప్పు లేదు, పేజీ ఇంకా త్వరగా తెరుచుకుంటుంది.

సైట్‌కు హెచ్‌టీటీపీఎస్ (పాఠకుడికీ సైట్‌కూ మధ్య పోయే సమాచారం ఎవరూ చూడకుండా కాపాడేది) పెట్టుకో. 2018 జూలై నుంచి క్రోమ్ అది లేని సైట్లన్నిటికీ సురక్షితం కాదని గుర్తు చూపిస్తోంది. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, దానికోసం ఎవరికీ పైసా కట్టకు.

కొత్తగా వచ్చిన ప్రతిదాని వెనకా పరుగెత్తొద్దు అని గట్టిగా చెప్తున్నా. ఫోన్‌లో పేజీలు త్వరగా తెరుచుకోవడానికి గూగుల్ తెచ్చిన ఏఎంపీ పద్ధతి వచ్చినప్పుడు, అది లేకపోతే గూగుల్‌లో కనపడం అన్నారు. రెండు నెలలు కూర్చుని పేజీలన్నీ దానికి మార్చా. గూగుల్‌లో పైన వచ్చే వార్తల వరసలో కనపడాలంటే ఏఎంపీ ఉండాలన్న నియమాన్ని 2021లో గూగులే తీసేసింది. వ్యాసాలను ఫేస్‌బుక్ లోపలే తెరిపించే ఇన్‌స్టంట్ ఆర్టికల్స్ కూడా 2023లో మూతపడింది. ఆ నెలల్లో నేను సినిమాలు తక్కువ చూశా, తక్కువ రాశా. ఆ రివ్యూలు ఇప్పుడు రాయలేను కదా. పేజీ త్వరగా తెరుచుకోవాలి, ఫోన్‌లో చదవగలగాలి, అడ్రసు మారకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఏం రాయాలి అన్నది. యూఎఫ్‌ఓ, క్యూబ్ లాంటి డిజిటల్ ప్రదర్శన పద్ధతులు రాకముందు సినిమా ప్రింట్ డబ్బాల్లో వచ్చేది. చిన్న సినిమా అయితే హైదరాబాద్‌లో ఆడి ఆడి, రెండు మూడు వారాలకు మనకు దిగేది. నేను రాసేసరికి అందరూ మర్చిపోయేవాళ్లు. డిజిటల్ వచ్చాక మొదటి రోజే నల్లగొండలోనూ పడుతోంది. కానీ అమెరికాలో ప్రీమియర్లు మనకన్నా ముందే పడతాయి. మనం పొద్దున ఆట టికెట్ చింపించుకునే లోపే రేటింగులు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ పందెంలో మనం గెలవలేం, దిగనూ కూడదు. నేను 2015 నుంచి విడుదల రోజు రివ్యూ పెట్టడం మానేశా. శుక్రవారం ఒకసారి, ఆదివారం సెకండ్ షో ఒకసారి చూసి, సోమవారం రాస్తా. చదివేవాళ్లు తగ్గుతారని భయపడ్డా. మొదటి నెల తగ్గారు, తర్వాత పెరిగారు. ఎందుకంటే అప్పటికి సినిమా చూసేసినవాళ్లు తాము చూసింది ఇంకొకరికి ఎట్లా కనపడిందో చదవాలనుకుంటారు. వాళ్లు తీరిగ్గా చదువుతారు. ఓటీటీలు వచ్చాక ఇంకో మేలు జరిగింది. సినిమా ఓటీటీలోకి రాగానే నెల కిందటి రివ్యూకు, కొన్నిసార్లు పదేళ్ల కిందటి రివ్యూకు మళ్లీ జనం వస్తున్నారు.

హాల్లో జరిగింది రాయి. మన టాకీసులో తెలంగాణ యాస వచ్చిన సీనుకు జనం నవ్వారా, నవ్వితే పాత్రతో పాటు నవ్వారా, పాత్రను చూసి నవ్వారా? ఈ తేడా రాసేవాళ్లు తక్కువ. మన మాటను ఎన్నో ఏళ్లు విలన్ పక్కన ఉండే మనిషికీ, పనివాడి పాత్రకూ ఇచ్చారు. హీరో మన మాట మాట్లాడటం మొదలైనప్పుడు టాకీసులో ఏం జరిగిందో నేను రాసి పెట్టా. ముందు వరసల్లో ఒక పెద్దాయన, పక్క కుర్చీలో మనవడిని తట్టి, "గట్లనే అంటం కదరా మనం" అన్నాడు. ఆ వాక్యం నా రివ్యూలో ఉంది. ఆ సినిమాకు ఉన్న మిగతా రివ్యూల్లో ఎక్కడా ఉండదు.

నా సైట్‌లో అన్నిటికన్నా ఎక్కువ కాలం చదివించింది రివ్యూ కూడా కాదు. జానపద సినిమాల కత్తి వీరుడు కాంతారావు గారిది మన కోదాడ దగ్గర గుడిబండ. ఆయన 2009 మార్చిలో పోయారు. ఆ నెలలోనే నేను గుడిబండ పోయి, ఊరివాళ్లతో మాట్లాడి, ఆయన సినిమాల గురించి రాసుకున్నది పెట్టా. దానికి ఇప్పటికీ ప్రతి నెలా ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. మా తాత చెప్పేవాడు అని ఒకరు, మా ఊరి టాకీసులో చూశాం అని ఒకరు. కింద కామెంట్లే ఇప్పుడు అసలు వ్యాసం కంటే పెద్దవి. వనపర్తి, గద్వాల, నారాయణపేటలో మూతపడ్డ టాకీసుల గురించి, ఆపరేటర్ల గురించి, పోస్టర్లు అంటించినవాళ్ల గురించి నువ్వు రాస్తే అట్లాంటివి పది తయారవుతాయి. ఆ మనుషులు ఉన్నప్పుడే పోయి అడుగు.

ఏఐ గురించి అడిగావు. నిజమే, 2024లో గూగుల్ మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూలు పెట్టాక, కథ ఏంటి, ఎవరు నటించారు, బాగుందా లేదా అనే వెతుకులాటల నుంచి నాకు వచ్చేవాళ్లు బాగా తగ్గారు. ఆ జవాబు అక్కడే పైన దొరుకుతుంటే వాళ్లు లోపలికి ఎందుకు వస్తారు? నా రివ్యూల్లో కథ చెప్పే భాగాన్ని నాలుగు వాక్యాలకు తగ్గించా. పెద్దాయన మనవడిని తట్టిన మాట కావాలంటే నా పేజీకే రావాలి. నువ్వు రివ్యూ రాయడానికి ఏఐని వాడొద్దని నా మాట. అక్షర దోషాలు చూసుకోవడానికి, పాడైన డేటాబేస్ బాగుచేసే కోడ్ అడగడానికి వాడు. 2012లో నాకు అది ఉండి ఉంటే వారం పని ఒక పూటలో అయ్యేది. కానీ నువ్వు చూసిన సినిమాను అది చూడలేదు.

యూట్యూబ్ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. ముందు రాసి, దాన్నే మాట్లాడు. వీడియో కింద సైట్ లింకు పెట్టు. తలకిందులుగా చేస్తే, అంటే ముందు వీడియో చేసి తర్వాత రాద్దాం అనుకుంటే, రాత ఆగిపోతుంది. నాకు తెలిసిన ముగ్గురికి అట్లాగే ఆగిపోయింది.

పైసల సంగతి దాచకుండా చెప్తా. తెలుగు సైట్లకు యాడ్‌సెన్స్ (సైట్లలో ప్రకటనలు వేసి పైసలిచ్చే గూగుల్ సేవ) 2018లో మొదలైంది. నాకు వచ్చేది హోస్టింగ్, డొమైన్ ఖర్చుకు సరిపోయి, నెలకు నాలుగైదు టికెట్లకు మిగులుతుంది. దీని మీద బతకాలని మాత్రం రాకు, ఇంకో పని చూసుకో. సినిమా వాళ్ల తరఫున ఫోన్లు వస్తాయి, ఇంత ఇస్తాం, అంత రేటింగ్ వేయమని. ఒక్కసారి తీసుకుంటే పాత రివ్యూలన్నిటి మీదా అనుమానం వస్తుంది. ప్రకటన తీసుకుంటే అది ప్రకటన అని పైనే రాయాలి. ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ సంస్థ నియమాలు 2021 నుంచి అదే చెబుతున్నాయి. పోస్టర్లు, ఫొటోల విషయంలో జాగ్రత్త. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. దాన్ని పట్టుకుని యాభై స్టిల్స్ గ్యాలరీ పెట్టకు. ఒక బొమ్మ చాలు. సినిమాను ఎంత ఘాటుగా అయినా విమర్శించు, మనుషుల సొంత జీవితాల జోలికి పోకు.

రేటింగ్ నక్షత్రాలు నేను తీసేశా. ఉంటే జనం అంకె చూసి వెళ్లిపోతున్నారు. నీకు నచ్చితే పెట్టుకో.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ఈ వారం డొమైన్ కొను. ఖర్చు భారమనిపిస్తే బ్లాగర్‌లోనే మొదలుపెట్టు, కానీ దానికి నీ సొంత డొమైన్ తగిలించు. రేపు బ్లాగర్ వదిలి వర్డ్‌ప్రెస్‌కు పోయినా అడ్రసు నీదే ఉంటుంది. డిజైన్ గురించి నెలల తరబడి ఆలోచించకు. ముందు పది రివ్యూలు రాసి పెట్టు, అందులో ఒకటైనా మీ ఊరి టాకీసు గురించి ఉండాలి. అవి పెట్టాక ఇక్కడే లింకు ఇవ్వు. సిగ్నల్ సరిగ్గా రాని చోట, బస్సులో దేవరకొండ పోతూ, ఫోన్‌లో తెరిచి చూస్తా. ఎంతసేపటికి తెరుచుకుందో, ఎక్కడ చదవడం ఆపానో రాసి పంపిస్తా.